తాత అడిగిన బాయి

మా కాలేజీలో ఫిబ్రవరిలో మాక్ ఆర్కిటిక్ కౌన్సిల్ పెట్టారు. ఎనిమిది సభ్యదేశాలకి ఎనిమిది టీములు, వెనకాల పరిశీలక దేశాలు. చీటీ తీస్తే నాకు ఇండియా వచ్చింది. ఎగిరి గంతేశాను. తర్వాత రూల్స్ చదివితే తెలిసింది, 2013 నుంచి మన దేశం అక్కడ పరిశీలక దేశమేనని, నిర్ణయాల్లో ఓటు ఉండదని. మూడు రాత్రులు మేలుకుని తయారుచేసిన స్పీచ్ జేబులోనే ఉండిపోయింది. ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. ఉగాదికి ఊరెళ్లినప్పుడు తాత దొరికాడు.

తాత సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, రిటైరయ్యేదాకా బాయి పనే చేశాడు. నేనేమో పుట్టి బుద్ధెరిగాక ఇంగ్లీష్ మీడియమే. "సావరిన్టీ", "కాంటినెంటల్ షెల్ఫ్" అని మొదలుపెట్టగానే తాత చెయ్యి అడ్డం పెట్టాడు.

"గవన్నీ తర్వాత చెప్పు బిడ్డా. ఆడ మనుషులు ఏం పని చేస్తరు?"

నా స్పీచ్‌లో ఆ ప్రశ్నకి చోటే లేదు. అయినా ఒక ఊరు గుర్తొచ్చింది. నార్వేకి ఉత్తరాన స్వాల్‌బార్డ్ దీవుల్లో న్యూ ఒలేసుండ్. ధ్రువం నుంచి పన్నెండు వందల కిలోమీటర్ల దూరం. మన దేశపు ఆర్కిటిక్ పరిశోధనా కేంద్రం 'హిమాద్రి' 2008 నుంచి అక్కడే ఉంది. పది దేశాల దాకా సైంటిస్టులు అక్కడ పక్కపక్కనే పనిచేస్తారు. అక్కడి యాంటెన్నాలకి అడ్డు రాకూడదని వైఫై, బ్లూటూత్ రెండూ బంద్. (మా హాస్టల్లో ఒక గంట అట్లా చేస్తే ధర్నా అవుతుంది.) అయితే ఆ ఊరు పుట్టింది సైన్స్ కోసం కాదు, బొగ్గు కోసం.

బొగ్గు అనగానే తాత కుర్చీలో ముందుకి జరిగాడు.

1962 నవంబర్‌లో అక్కడి గనిలో పేలుడు జరిగింది. 21 మంది చనిపోయారు. అది ప్రభుత్వ కంపెనీ గని. విచారణ రిపోర్టు బయటికొచ్చాక గొడవ పార్లమెంటుకి ఎక్కింది. 1963 ఆగస్టులో అవిశ్వాస తీర్మానం పెట్టి ప్రధాని గెర్‌హార్డ్‌సెన్ ప్రభుత్వాన్నే దింపేశారు. గని మళ్లీ తెరవలేదు. మిగిలిన ఇళ్లే మెల్లగా పరిశోధకుల ఇళ్లయ్యాయి.

"బాయిల పనోళ్లు సచ్చిపోతే గవర్నమెంటే పడిపోయిందా?"

"అవును తాతా."

ఇంకోసారి అడిగాడు. మళ్లీ అవునన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

మరి వేరే దేశపు భూమ్మీద మనవాళ్లు ఎట్లా ఉన్నారంటే, 1920లో పారిస్‌లో ఒక ఒప్పందం జరిగింది. స్వాల్‌బార్డ్ నార్వేదే, కానీ సంతకం పెట్టిన దేశాలవాళ్లందరికీ చేపలు పట్టడంలో, గనులు తవ్వడంలో సమాన హక్కు. దాన్ని యుద్ధ అవసరాలకి వాడకూడదు. బ్రిటిష్ పాలనలో ఉన్న ఇండియా పేరు కూడా అందులో ఉంది. రష్యా అదే హక్కుతో బారెంట్స్‌బర్గ్‌లో ఇప్పటికీ బొగ్గు గని నడుపుతోంది. 2022లో యుద్ధం మొదలయ్యాక మిగతా ఏడు దేశాలూ రష్యాతో ఆర్కిటిక్ కౌన్సిల్ సమావేశాలు ఆపేశాయి కానీ, నాటో దేశపు నేల మీద ఆ రష్యా గని మాత్రం ఆగలేదు.

చిక్కంతా నేల మీద కాదు, నీళ్ల కింద. ప్రపంచంలో ఇంకా కనిపెట్టాల్సిన ఆయిల్‌లో 13 శాతం, గ్యాస్‌లో 30 శాతం ఆర్కిటిక్‌లోనే ఉండొచ్చని అమెరికా భూగర్భ సర్వే 2008లో అంచనా వేసింది. సమాన హక్కు సముద్రపు అడుక్కి కూడా వర్తిస్తుందా? ఈ ప్రశ్న కోర్టుకి ఆయిల్ రూపంలో కాకుండా పీత రూపంలో వచ్చింది! లాత్వియా కంపెనీ ఒకటి మంచు పీతల్ని పడతామంది. ఆ పీత సముద్రపు అడుగునే బతుకుతుంది కాబట్టి చట్టం దృష్టిలో అదీ ఆయిల్ లాంటిదే. ఒప్పందం అంతదూరం వర్తించదని 2023లో నార్వే సుప్రీంకోర్టు చెప్పేసింది. పీత కేసు విని తాత బాగా నవ్వాడు.

తర్వాతి సంగతి తాతకి నేనే కొంచెం తగ్గించి చెప్పాను. నా స్పీచ్ మొత్తం హిమాద్రి గురించే. మంచు ఎట్లా కరుగుతోందో మనం కొలుస్తున్నాం, దానికీ మన రుతుపవనాలకీ సంబంధం వెతుకుతున్నాం అని గొప్పగా రాశాను. కానీ 2016లో మన ప్రభుత్వ ఆయిల్ కంపెనీలు సైబీరియా ఉత్తరాన, ఆర్కిటిక్ వలయం లోపల ఉన్న వాంకోర్ ఆయిల్ ఫీల్డ్‌లో 49.9 శాతం వాటా కొన్నాయి. 2022 తర్వాత దాని డివిడెండ్లు రష్యా బ్యాంకుల్లోనే ఇరుక్కుపోయాయి. ఇది చదివీ స్పీచ్‌లో పెట్టలేదు. ఆ రోజు నాకు మైక్ ఇవ్వకపోవడమే మంచిదైంది, ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవాణ్ని. నార్వే టీమ్ మాత్రం ఏం తక్కువ? క్లైమేట్ గురించి పావుగంట మాట్లాడి, బారెంట్స్ సముద్రంలో తమ ఆయిల్, గ్యాస్ ఊసే ఎత్తలేదు. నేను కోపంగా రాసుకుంటూ కూర్చున్నాను, తాత బొగ్గు పెన్షన్‌తో కొన్న లాప్‌టాప్‌లో.

చివరగా లాంగియర్‌బీయెన్ గురించి చెప్పాను. అక్కడి కరెంటు ప్లాంటు 2023లో బొగ్గు మానేసి డీజిల్‌కి మారింది. స్వాల్‌బార్డ్‌లో నార్వేవాళ్ల ఆఖరి బొగ్గు గని, ఏడో నంబర్ గని, 2025 జూన్‌లో మూతపడింది.

"బాయి బంద్ పెట్టినంక పనోళ్లు ఏడికి పోయిండ్రు?"

ఫోన్ తీసి నోట్స్ పైనుంచి కిందిదాకా చూశాను. నలభై పేజీలు. పీత గురించి రెండు పేజీలున్నాయి.