మంచు అంచున ఊదా పూలు

కేదారనాథ్, బదరీనాథ్ వెళ్ళే మన తెలుగువాళ్ళు చాలామంది ఆ రెంటి మధ్యనే ఉన్న తుంగనాథ్‌ని చూడకుండానే వచ్చేస్తారు. ఊఖీమఠ్ నుంచి చమోలీ పోయే రోడ్డు మీద చోప్తాలో దిగితే, అక్కణ్ణుంచి నడక నాలుగు కిలోమీటర్ల లోపే. కాకపోతే అంతా ఎక్కుడే! పంచ కేదారాల్లోకెల్లా ఎత్తయిన గుడి ఇది, 3,680 మీటర్లు.

మేం వెళ్ళింది మే మొదటి వారంలో. ఎర్రగా విరబూసిన బురాంశ్ చెట్లు (ఆ రేకులతో అక్కడివాళ్ళు షర్బతు చేస్తారు, పుల్లపుల్లగా బావుంటుంది) వెనకబడి, గడ్డినేల మొదలైంది. మంచు కరిగి తడిగా ఉన్న చోటల్లా ఊదారంగు పూలు! జానెడు కాడ, దాని చివర చిన్న పూలన్నీ ఒత్తుగా కూడిన గుండ్రటి బంతి. మా వెంట వచ్చిన కుర్రాడు దాన్ని ప్రిమ్యులా అన్నాడు. ఇంగ్లీషులో డ్రమ్‌స్టిక్ ప్రిమ్‌రోజ్ అంటారట. ములక్కాడ ఎక్కడుందా అని వెతక్కండి, డోలు వాయించే పుల్ల అని అర్థం!

మా తోటికోడలు అక్కకి పూలంటే ప్రాణం. వంగి రెండు మొక్కల్ని పరీక్షగా చూసి "ఇవి రెండు రకాలే" అని తేల్చేసింది. ఒక పువ్వు గొంతులో గుండుసూది తలలాంటి చుక్క కనిపిస్తోంది. రెండోదాంట్లో ఆ చుక్క లేదు, అయిదు పుప్పొడి తిత్తులున్నాయి. నేనూ ఔనన్నాను. ఇద్దరం పొరబడ్డాం. అది ఒకే జాతి. కొన్ని మొక్కల్లో కీలం పొడుగ్గా పైకి వస్తుంది, కొన్నిట్లో కేసరాలు పైన ఉంటాయి. ఒకదాని పుప్పొడి రెండోదానికి చేరాలనే ప్రకృతి ఈ ఏర్పాటు చేసింది. డార్విన్ 1862లోనే దీని గురించి రాశాడు.

అసలు తేడా ఉన్న చోట మేం చూడనే లేదు. గుడికి కాస్త కింద, ఇంకా కరగని మంచు పక్కన మళ్ళీ ఊదా పూలు. అవే అనుకుని ఒక కాడ తుంచి స్వామికి పట్టుకెళ్ళాను. ఆ కొండలు కేదారనాథ్ వన్యప్రాణి అభయారణ్యంలోవి, పువ్వు కోయకూడదని ఆ కుర్రాడు చెప్పేసరికి కాడ నా చేతిలో ఉంది. సిగ్గేసింది.

ఇంటికొచ్చి పుస్తకం తిరగేస్తే తెలిసింది, ఆ ఎత్తుల్లో ఇంకో ప్రిమ్యులా కూడా పూస్తుందని. పేరు మాక్రోఫిల్లా. దాని పూలు బంతిలా ఒత్తుగా ఉండవు. ఒక్కో పువ్వుకీ విడిగా చిన్న తొడిమ ఉండి, గొడుగు ఊచల్లా విచ్చుకుంటాయి. ఆకు సన్నగా, పొడుగ్గా, నున్నగా ఉంటుంది. తిప్పి చూస్తే అడుగున బియ్యప్పిండి అద్దినట్టు తెల్లగా! అది తెగులూ కాదు, దుమ్మూ కాదు. ఆకే ఆ పొడిని పుట్టిస్తుంది. మేం ముందు చూసిన బంతి పువ్వు డెంటిక్యులేటా. దాని ఆకు ముల్లంగి ఆకులా ముడతలు పడి ఉంటుంది, అంచున సన్నటి పళ్ళుంటాయి. ఆ పేరుకి అర్థమే చిన్న పళ్ళున్నదని. దీనికీ ఒక్కోసారి కాస్త పిండి ఉంటుంది కనక, పిండి ఒక్కటే చూసి తేల్చెయ్యకండి. పూల గుత్తి, ఆకు ముడత, పిండి మూడూ కలిపి చూడాలి.

సిక్కిం వెళ్ళేవాళ్ళకి ఇంకో చిక్కుంది. అక్కడ కాపిటేటా అనే ఊదా ప్రిమ్యులాదీ బంతి తలే. కానీ అది వానల్లో పూస్తుంది. తల పైభాగం నొక్కినట్టు చదునుగా ఉంటుంది. చుట్టూ అంచు పూలే విచ్చుకుని, నడుమ మొగ్గలు పిండి పూసుకుని ముడుచుకునే ఉంటాయి. డెంటిక్యులేటా అలా కాదు, మంచు కరగ్గానే వసంతంలో పూస్తుంది, నిండు గుండ్రం.

ఇంతకీ నేను కోసిన పువ్వు ఏది? లలితా సహస్రనామం పుస్తకంలో పెట్టి తెచ్చాను. రంగు పోయి, అణిగి గోధుమరంగు ముద్దయింది. తొడిమలు విడివిడిగా ఉన్నాయని నేనంటాను, నలిగి అలా కనిపిస్తోందని అక్క అంటుంది. ఆకు చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోయేది. ఆకేమో అక్కడే మంచు పక్కన ఉండిపోయింది. ఈసారి వెళ్తే భూతద్దం తీసుకెళ్దామంటోంది అక్క. మోకాళ్ళ మీద కూర్చుని, కొయ్యకుండా, ఆకు వేలితో మెల్లిగా ఎత్తి చూడాలట. మోకాళ్ళు సహకరిస్తే!