దీపం ఆరినంత మాత్రాన దోషం తొలగునా?

ధూమాన్ని చూసి అగ్నిని అనుమానించే దృష్టాంతాన్ని న్యాయశాస్త్రం తరతరాలుగా బోధిస్తున్నది. భగవద్గీత 18వ అధ్యాయం అదే ధూమాన్ని కర్మలను ఆవరించి ఉండే దోషానికి ఉపమానంగా గ్రహించింది. దోషం ఉన్నదని స్వకర్మను త్యజించరాదన్నది అక్కడి తాత్పర్యం. అంతమాత్రాన దోషాన్ని ఉపేక్షించవచ్చునని కాదు.

కాలిఫోర్నియాలో నివసించే ఒక తెలుగు గృహస్థు వద్ద 1998 నాటి కారు ఉన్నది. ఆ రాష్ట్రంలో అటువంటి పాత వాహనాలలో అధికభాగానికి రెండేళ్లకొకసారి స్మాగ్ పరీక్ష విధి. అందులో నెగ్గనిదే రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కాదు. గడువు ఇంకా మూడు వారాలున్నదనగా చెక్ ఇంజన్ దీపం వెలిగింది. స్కానర్‌లో పి0401 అన్న కోడ్ కనిపించింది. ఈజీఆర్ ప్రవాహం చాలడం లేదని దాని భావం.

దహనానంతరం వెలువడే వాయువులో కొంతభాగాన్ని తిరిగి ఇంజన్‌లోకి పంపడం ఈజీఆర్ ధర్మం. దానివలన దహనతాపం తగ్గి, నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా పుడతాయి. సూర్యకాంతిలో స్మాగ్‌కు బీజాలయ్యే వాయువులలో అవి ముఖ్యమైనవి.

ఒక మిత్రుడు సులభోపాయం చెప్పారు: "స్కానర్‌తో కోడ్ చెరిపేసి వెంటనే పరీక్షకు తీసుకెళ్లండి. దీపం ఆరితే చాలు కదండీ!"

ఆ మాయ అక్కడ చెల్లదు. కోడ్‌తో పాటు కారు కంప్యూటర్ చేసుకున్న స్వీయపరిశీలనల ఫలితాలూ చెరిగిపోతాయి. రెడీనెస్ మానిటర్లనే ఆ పరిశీలనలు వివిధ వేగాలలో నడిపితే గాని పూర్తి కావు. పరిమితికి మించి అసంపూర్ణంగా ఉంటే వాహనం ఉత్తీర్ణం కాదు.

ఆ గృహస్థు ఇంటి ముంగిటనే, ఇంజన్ పూర్తిగా చల్లారిన పిదప, ఈజీఆర్ వాల్వును మార్చారు. నాలుగు రోజులకు దీపం మరల వెలిగింది. తరువాతి ఆదివారం లోతుగా విప్పి చూడగా వాక్యూమ్ మాడ్యులేటర్ ఫిల్టరు మసిబారి ఉన్నది. వాయువు ఇంజన్‌లోకి చేరే సన్నని మార్గం గట్టిపడిన కర్బనంతో పూడుకుపోయి ఉన్నది. ఆ మార్గాన్ని గోకి, శుభ్రపరచి, మాడ్యులేటరును, గాస్కెట్లను మార్చి బిగించారు. వారం రోజుల నిత్యప్రయాణంలో మానిటర్లు పూర్తయ్యాయి. గడువుకు రెండు రోజుల ముందు కారు పరీక్షలో నెగ్గింది.

అంతఃకరణానికి మల, విక్షేప, ఆవరణములనే మూడు దోషాలున్నవని వేదాంతులు చెబుతారు. మలం తొలగనిదే శ్రవణం ఫలించదు. పూడిన మార్గానికి అమర్చిన క్రొత్త వాల్వు అటువంటిదే. వస్తువు నిర్దోషమే, కాని ప్రవాహం లేదు. పశ్చాత్తాపాన్ని మాటలలో ప్రకటించడం కోడ్‌ను చెరపడం వంటిది. అది సాధకుని శుద్ధుణ్ణి చేయదు. అతని శుద్ధి ఇంకా పరీక్షింపబడలేదని మాత్రమే తెలుపుతుంది. దానిని నిరూపించేది దైనందిన వర్తనమే.

ఇందులో సూక్ష్మమైన విషయం మరొకటి ఉన్నది. ఈజీఆర్ పూడుకున్నా కారు నడకలో చెప్పుకోదగ్గ లోపం కనిపించకపోవచ్చు. నడిపేవారికి బాధ లేదు. వెనుక వెలువడే వాయువును పీల్చేది వీధిలో నడిచే అపరిచితుడు, ఆడుకునే శిశువు. పతంజలి నియమాలలో మొదటిదైన శౌచం ఇక్కడ యమాలలో మొదటిదైన అహింసతో ఏకమవుతుంది. కర్తకు తగలని దోషాన్ని కూడా తనదిగా భావించి శోధించుకోవడమే శౌచానికి పరిపూర్ణత.