మా జట్టు ఆట చప్పగా ఉందా? ఒక హేతువాది ఒప్పుకోలు

మిత్రులారా, ఈసారి బాబాల గురించీ వాస్తు గురించీ కాదు. నా గురించే.

జ్యోతిష్కుణ్ణి పట్టుకోవడం ఎంత తేలికో మనందరికీ తెలుసు. "జరిగిపోయాక చెప్పడం కాదు స్వామీ, ముందే కాగితం మీద రాసి కవర్లో పెట్టి ఇవ్వండి" అంటే చాలు, ఆయనకి ఎక్కడ లేని పనులూ గుర్తొస్తాయి. ఈ మాట నేను కనీసం పాతికమందితో అని ఉంటాను. అదే మాట ఒకరోజు నాతో అనిపించుకోవలసి వస్తుందని మాత్రం ఊహించలేదు. అన్నవాడు మా మావయ్య. విషయం ఫుట్‌బాల్.

మాది జంషెడ్‌పూర్ పక్కన గోవింద్‌పూర్. తాతల కాలంలో శ్రీకాకుళం వైపునుంచి కార్ఖానా పనికి వచ్చిన కుటుంబం. మావయ్య ట్రక్కుల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. శనివారం ఒంటిపూట, గుమ్మానికి నిమ్మకాయ. నేనేమో హేతువాద సంఘం సభ్యుణ్ణి. దేవుడున్నాడా లేడా అని ముప్ఫై ఏళ్ళుగా వాదించుకుంటున్నాం, ఒక్క పూట కూడా మాటలు మానుకోలేదు. మానుకున్నది ఫుట్‌బాల్ దగ్గర.

2017లో టాటా స్టీల్ వాళ్ళు జంషెడ్‌పూర్ ఎఫ్‌సీ పెట్టి ఇండియన్ సూపర్ లీగ్‌లో దించినప్పుడు ఊరికి పండగే. టాటా ఫుట్‌బాల్ అకాడమీ 1987 నుంచీ ఇక్కడే ఉంది. దేశానికి ఆటగాళ్ళని తయారుచేసి పంపిన ఊరికి, పెద్ద లీగ్‌లో సొంత జట్టు అప్పటికి గానీ రాలేదు. నేనూ మావయ్యా గోవింద్‌పూర్లో షేర్ ఆటో ఎక్కి, టెల్కో మీదుగా సాక్చీ చేరి, అక్కడ ఇంకో ఆటో పట్టుకుని జేఆర్‌డీ టాటా స్టేడియానికి వెళ్ళేవాళ్ళం. అభిమానులు ఆ స్టేడియాన్ని 'ఫర్నేస్' అంటారు. కొలిమి అన్నమాట.

ఆ కొలిమిలో మొదట మండినదేమీ లేదు. మొదటి మ్యాచ్ గౌహతిలో 0-0. రెండోది కొచ్చిలో 0-0. డిసెంబర్ 1న మన ఊళ్ళో మొట్టమొదటి మ్యాచ్, కోల్‌కతా జట్టుతో. అదీ 0-0. నాలుగో మ్యాచ్‌లో ఢిల్లీ మీద గానీ మొదటి గోల్ పడలేదు. ఆ సీజన్‌లో 18 మ్యాచ్‌లకి మనం కొట్టినవి 16 గోల్స్, ఇచ్చినవి 18. ఐదో స్థానం. సెమీస్‌కి నలుగురే వెళ్ళారు.

తిరుగు ప్రయాణంలో నేను విసుక్కునేవాణ్ణి. "ఇదేం ఆట మావయ్యా, బంతి దొరికితే పైకి తన్నడం, దొరక్కపోతే గోడ కట్టుకుని నిలబడటం." మావయ్య నవ్వేవాడు. "ఓడిపోనేదు కదరా అల్లుడూ. అందం సూడాలంటే సినిమాకెల్లు."

అప్పటినుంచీ నేనొక నోట్‌బుక్ పెట్టాను. ప్రతి మ్యాచ్‌కీ తేదీ, స్కోరు, ఆట గురించి ఒక మాట. సాక్ష్యం పోగుచేస్తున్నానని నా నమ్మకం. చప్పటి ఆట ఓటమికి దారి అని ఎప్పటికైనా నిరూపిస్తానని.

2024-25 సీజన్‌కి కోచ్ ఖాలిద్ జమీల్. పెద్ద జట్లముందు ఐజ్వాల్ లాంటి చిన్న జట్టుని 2016-17లో ఐ-లీగ్ విజేతగా నిలబెట్టినవాడు. బంతి ఎదుటివాడి దగ్గరే ఉండనిచ్చి, దొరికినప్పుడు ఒక్క ఉదుటున ముందుకి పోవడం, పెనాల్టీ బాక్సులోకి క్రాసులు వెయ్యడం ఆయన పద్ధతి. నా నోట్‌బుక్ నిండిపోయింది. జట్టు మాత్రం సెమీస్‌కి వెళ్ళింది. ఏప్రిల్ 3న మన ఊళ్ళో మోహన్ బగాన్ మీద 2-1 గెలుపు, ఆఖరి గోల్ ఇంజురీ టైమ్‌లో జావి హెర్నాండెజ్‌ది. ఆ రాత్రి మావయ్య ఆటోవాడికి ఇరవై రూపాయలు ఎక్కువిచ్చాడు.

7వ తేదీ కోల్‌కతాలో రెండో మ్యాచ్. మావయ్య ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఒక పెనాల్టీ గోల్ పడింది, రెండు మ్యాచ్‌లూ కలిపి లెక్క సమం. ఇంకాసేపు నిలబడితే ఎక్స్‌ట్రా టైమ్. ఇంజురీ టైమ్ నాలుగో నిమిషంలో అపుయా దూరంనుంచి కొట్టాడు. అయిపోయింది.

నేను ఊరుకోవలసింది. ఊరుకోలేదు. "చూశారా? సాక్ష్యం ఎదురుగా ఉన్నా మీకు పట్టదు. దేవుణ్ణి నమ్మినట్టే కోచ్‌నీ నమ్ముతారు" అన్నాను. మనవలు, కోడలు అందరూ ఉన్నారు.

మావయ్య టీవీ ఆపేశాడు. "నీ పుస్తకంలో ఆ మాట మ్యాచ్ అవకముందు రాస్తావేటి, అయ్యేక రాస్తావేటి?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాడు.

మూడు నెలలు మాటల్లేవు.

మొదటి నెలంతా కోపంతోనే గడిచింది. తర్వాత ఒకరోజు నోట్‌బుక్ తీశాను. అన్నీ ఆఖరి విజిల్ తర్వాత రాసినవే. ఓడిన మ్యాచ్‌ల పక్కన "చప్ప", "పిరికి ఆట". అదే పద్ధతిలో ఆడి గెలిచినవాటి పక్కన "క్రమశిక్షణ", "ఓపిక". షిల్లాంగ్‌లో నార్త్ఈస్ట్ మీద 2-0తో నాకౌట్ గెలిచిన రోజు "తెలివైన ఆట" అని రాసి కింద గీత కూడా గీశాను. ఫలితం తెలిశాక దానికి తగిన పేరు పెట్టడం. జాతకం చెప్పేవాడు చేసేదీ ఇదే కదా!

సరే, మాటలు వదిలేసి అంకెలు చూద్దాం అనుకున్నాను. 2024-25 లీగ్‌లో 24 మ్యాచ్‌లకి మనవి 12 గెలుపులు, 2 డ్రాలు, 10 ఓటములు. కొట్టినవి 37, ఇచ్చినవి 43. మొత్తం 80 గోల్స్. అంటే మ్యాచ్‌కి 3.33.

నేను నెత్తిన పెట్టుకునే సీజన్ 2021-22. ఓవెన్ కోయిల్ కోచ్‌గా లీగ్ షీల్డ్ గెలిచిన ఏడాది. 20 మ్యాచ్‌లు, 43 పాయింట్లు, కొట్టినవి 42, ఇచ్చినవి 21. మొత్తం 63. మ్యాచ్‌కి 3.15.

రెండుసార్లు కూడి చూశాను. నేను చప్ప అన్న సీజన్‌లో మ్యాచ్‌కి పడిన గోల్స్, అద్భుతం అన్న సీజన్‌లో కంటే ఎక్కువ! నిజంగా గోల్స్ కరువైనది మొదటి సీజన్, మ్యాచ్‌కి రెండు కూడా లేవు. ఆ మూడు సున్నాలు నా బుర్రలో ముద్ర వేసేశాయి. ఆ తర్వాత ఏడేళ్ళూ ఆ ముద్రనే చూశాను, ఆటని కాదు.

ఇంకో సంగతి. 2021-22లో మ్యాచ్‌లన్నీ కోవిడ్ వల్ల గోవాలో జరిగాయి. మా ఫర్నేస్ ఖాళీ. నాకు నైట్ షిఫ్టులు. ఆ జట్టు ఆటని నేను ఎక్కువగా చూసింది మర్నాడు పొద్దున్న ఫోన్లో, ఐదు నిమిషాల హైలైట్స్‌గా. 2024-25 జట్టునేమో సిమెంటు మెట్టు మీద కూర్చుని తొంభై నిమిషాలూ చూశాను. పెళ్ళి ఫోటోల ఆల్బమ్‌నీ కాపురాన్నీ పక్కపక్కన పెట్టి కాపురం చప్పగా ఉందన్నట్టు!

ఇక్కడ రీప్ గురించి చెప్పాలి. ఇంగ్లండు వైమానిక దళంలో లెక్కలు చూసిన చార్లెస్ రీప్ 1950లో ఒక మ్యాచ్ మధ్యలో విసుగొచ్చి, కాగితం తీసి పాసులు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. 1968లో బెంజమిన్ అనే గణాంకవేత్తతో కలిసి పరిశోధనా పత్రం ప్రచురించాడు. గోల్స్‌లో అత్యధికం మూడు లేక అంతకంటే తక్కువ పాసుల్లోనే వస్తున్నాయని తేలింది. కాబట్టి పాసులు మానేసి బంతిని దూరంగా తన్నమని ఆయన వాదన. తప్పెక్కడో మీకు ఈపాటికి తట్టే ఉంటుంది. ఆటలో అత్యధిక కదలికలు మూడు పాసుల్లోపే తెగిపోతాయి. వాటి సంఖ్య అంత ఎక్కువైనప్పుడు గోల్స్ కూడా వాటిలోంచే ఎక్కువ వస్తాయి. గోవింద్‌పూర్‌నుంచి సాక్చీ వెళ్ళేవాళ్ళలో ఎక్కువమంది షేర్ ఆటోలోనే చేరుతున్నారు కాబట్టి అదే అన్నిటికన్నా వేగమైన బండి అన్నట్టు ఉంది. 2005లో హ్యూస్, ఫ్రాంక్స్ అనే ఇద్దరు ఈ లెక్క సరిచేసి, ఎక్కువ పాసుల కదలికల్లో గోల్ మీదకి షాట్లు ఎక్కువ దక్కుతున్నాయని చూపించారు.

రీప్ తప్పుని నేను మావయ్య మీద ఎన్నిసార్లు విసిరానో లెక్కలేదు. కానీ ఒకరి వాదన తప్పైనంత మాత్రాన దాని వ్యతిరేకం రుజువైపోదు. పాసులు ఎక్కువ ఇవ్వడం వల్ల జట్టు బాగుపడుతుందా, బాగున్న జట్టు కాబట్టి పాసులు ఎక్కువ ఇవ్వగలుగుతుందా? తాయెత్తు కట్టుకున్నవాడికి జ్వరం తగ్గిందంటే నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఫుట్‌బాల్ దగ్గర ఒక్కసారి కూడా అడగలేదు.

ఆఖరికి మా అబ్బాయి నాకొక పరీక్ష పెట్టాడు. నేను చూడని విదేశీ మ్యాచ్‌లు పది ఎంచి, డ్రాలు తీసేసి, టీవీలో స్కోరు కనబడే మూల టేపు అతికించి, మొదటి సగం మాత్రం చూపించాడు. కామెంటరీ లేదు. గోల్ పడితే ఆ ముక్క దాటించేసేవాడు. అందంగా ఆడే జట్టు ఏదో, గెలిచేది ఏదో కాగితం మీద రాయాలి. పదింటిలోనూ అందంగా ఆడే జట్టే గెలుస్తుందని రాశాను. ఐదు కరెక్టు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వచ్చేది. పది మ్యాచ్‌లతో ఏదీ తేలదని నాకూ తెలుసు. పదికి తొమ్మిది వచ్చుంటే మాత్రం ఆ సంగతి గుర్తుపెట్టుకునేవాణ్ణా? మీకందరికీ ఫోన్ చేసి చెప్పి ఉండేవాణ్ణి.

అయితే ఆట చప్పగా లేదా? నాకు చప్పగానే ఉంది. ఇప్పటికీ. బంతి మన కాళ్ళ దగ్గర తిరుగుతుంటే నా ప్రాణం లేచొస్తుంది, ఎదుటివాళ్ళ దగ్గర తిరుగుతుంటే కూర్చోలేను. అది నా రుచి. గోంగూర నచ్చదన్నవాడు సాక్ష్యం చూపించక్కర్లేదు. గోంగూర తింటే ఓడిపోతారన్నవాడు చూపించాలి. నేను మొదటి మాట అనవలసినచోట రెండోది అన్నాను, ఎందుకంటే "నాకు నచ్చలేదు" అనడం హేతువాదికి చిన్నతనంగా తోచింది. రుచికి శాస్త్రం కోటు తొడిగాను. ఆ కోటు వేసుకుని, పెద్దాయన్ని మనవల ముందు తక్కువ చేశాను.

జూలైలో ఒక ఆదివారం వాన వెలిశాక నోట్‌బుక్ పట్టుకుని మావయ్య ఇంటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను, టేపు సంగతి కూడా. ఆయన కళ్ళజోడు పెట్టుకుని పేజీలు తిరగేశాడు. షిల్లాంగ్ మ్యాచ్ దగ్గర ఆగాడు, నేను గీసిన గీత మీద వేలు పెట్టి నవ్వాడు.

"తప్పు నాదే మావయ్యా," అన్నాను.

"నీదేటి, నాకూ ఆ ఆట నచ్చనేదు," అన్నాడు. "గెలుస్తన్నారు కదాని ఊరుకున్నాను. నువ్వు ఏడిపించేసరికి ఒప్పుకోబుద్ది కానేదు."

కొత్త నోట్‌బుక్ ఆయన దగ్గరే ఉంటుందని ఒప్పందం. హాఫ్‌టైమ్‌లో ఇద్దరం చెరో మాట రాయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు.

మీరు మీ నోట్‌బుక్కుల్లో ఎప్పుడు రాస్తున్నారు మిత్రులారా? విజిల్‌కి ముందా, తర్వాతా?