మూసలో కరోల్ బాగ్

ఇంజనీరింగ్ డ్రాయింగ్ చేతికి రాగానే మావంటి వారి దృష్టి ముందుగా కుడివైపు అడుగు మూలకు పోతుంది. పేరు, స్కేలు, తేదీ, గీసినవారు, సరిచూసినవారు అన్నీ ఆ చిన్న పెట్టెలోనే ఉంటాయి. కరోల్ బాగ్‌లో నివాసముంటూ, సాయంత్రాలు తెలుగు వికీపీడియాలో వ్రాయనారంభించినప్పుడు ఆ పెట్టెయే మాకు మరల దర్శనమిచ్చింది. అక్కడ దాని పేరు సమాచారపెట్టె. ఇటువంటి తయారు అచ్చులన్నింటినీ ‘మూస’ అంటారు. కంసాలి కొలిమి దగ్గరి మాటను ఎన్నుకున్నవారిని అభినందించవలసిందే.

మూస పేరును మీసాల బ్రాకెట్ల నడుమ వ్రాస్తే చాలు, పుటమీద దాని రూపం ప్రత్యక్షమవుతుంది. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయినవి. పుటల అడుగున కనిపించే జిల్లాల పట్టిక ఒక మూస గనుక, దానిని ఒక్కచోట దిద్దితే వాడుకున్న పుటలన్నీ మారతాయి. కాని ఒక గ్రామం పెట్టెలో పూరించిన జిల్లా పేరు ఆ గ్రామపు పుటకే చెందినది. దానిని విడిగా దిద్దుకోవాలి. ఏది మూసలో ఉంచాలి, ఏది పుటకు వదలాలి అన్న విచక్షణలోనే అసలు ఇంజనీరింగ్ ఉన్నది. మూసలోని తప్పు కూడ అంతే వేగంగా పాకుతుంది మరి! అందుకే ముందుగా ‘ప్రయోగశాల’ అనే పుటలో పరీక్షిస్తాము.

మా పేటపై వ్యాసానికి చరిత్ర, విద్యాసంస్థలు, మార్కెట్లు, రవాణా అని విభాగాలు వేసుకున్నాము. 1921 ఫిబ్రవరి 13న గాంధీజీ ప్రారంభించిన తిబ్బియా కళాశాల రెండవదానిలోను, 2005 డిసెంబరు 31న వచ్చిన మెట్రో చివరిదానిలోను చక్కగా కుదిరాయి. చిక్కంతా హకీం అజ్మల్ ఖాన్‌గారితోనే. కళాశాల ఆయన కృషి ఫలం, బజారు వీధికి ఆయన పేరు, 1921లో కాంగ్రెస్ అధ్యక్షులు కూడ. చివరకు చరిత్రలో వివరంగా వ్రాసి, తక్కినచోట్ల పేరు మాత్రమే ఉంచాము.

“ఏమండీ, ఇక్కడి మన తెలుగువాళ్ళ మాటే లేదేం?” అన్నది మా శ్రీమతి. ఉన్నదంతా జ్ఞాపకమే, అచ్చయిన ఆధారం లేని వాక్యం పక్కన ‘ఆధారం చూపాలి’ అన్న మూస వచ్చి కూర్చుంటుంది. అది న్యాయమే, కాని బాధగానే ఉన్నది. ‘తెలుగువారు’ అనే శీర్షిక మా ప్రయోగశాలలో ఖాళీగా ఉన్నది. ఢిల్లీ తెలుగు సంఘాల పాత సావనీర్లు పాఠకుల ఇళ్ళలో ఉంటే, అటకమీదనుండి ఒకసారి దింపి చూడగోరుతున్నాము.