పచ్చసాలను చూచి వచ్చితిమి

ఒకప్పటి కృష్ణామండలపు మెట్టసీమలో, నేటి ఎన్టీఆర్ జిల్లాలో, మామిడితోటల నడుమ నున్న రెడ్డిగూడెము మా నివాసము. మావారు బడిపంతులు. కొన్నేండ్ల క్రిందట సేద్యము చేసుకొను నిల్లాలొకతె మా గడపలో కూర్చుండి, "అమ్మగారూ, సదువుకున్న పిల్ల సేలో దిగదు. సేలో దింపితే సదువు సాగదు. బడి మానిపించమంటారా?" అని యడిగినది. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. సాయంకాలము మా యరుగుపై పద్యములు నేర్చుకొన వచ్చుచుండిన యామె కుమార్తెను, మట్టిచేతులతో పుస్తకము ముట్టవలదని యందరి యెదుట మందలించినది మేమే గదా!

సేద్యమును చదువును కలిపి నేర్పు వసతిపాఠశాల యొకటి జహీరాబాదు ప్రాంతమున కలదని మావారు చెప్పగా, తొలివానలు పడిన పిదప బయలుదేరితిమి. మచిలీపట్నమునుండి పూనా పోవు రాజమార్గమే మా నందిగామను తాకి, హైదరాబాదు దాటి, జహీరాబాదు చేరును. అక్కడికి సమీపముననే మాచునూరు గ్రామము. ఆ యూరిలోనిదే పచ్చసాల.

దాని చరిత్ర సోదరీమణులు వినదగినది. 1983లో నేర్పడిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ యా ప్రాంతపు పేదస్త్రీలను, ముఖ్యముగా దళితస్త్రీలను, గ్రామసంఘములుగా కూర్చినది. బీడువడిన నేలలను వారు మరల సాగునకు తెచ్చిరి. జొన్న, సజ్జ, కొర్ర, కంది, పెసర, అనుము మొదలగు పంటలను పదికి పైగా నొకే చేనిలో కలిపి విత్తిరి. విత్తనములు కొనక, బూడిదయు వేపాకును కలిపి తమ యిండ్లనే దాచుకొనిరి. వాన తప్పి యొక పంట పోయినను వేరొకటి యింటిని నిలుపును.

అయితే వారి బిడ్డలు పశువుల వెంటనో, కూలికో పోవుచుండిరి. బడికి పోయిన బిడ్డకు తల్లి యెరిగిన విద్య తక్కువగా తోచు భయమును గలదు. ఇట్టి పిల్లల కొరకే 1993లో పచ్చసాల ఆరంభమైనది. పిల్లలు అక్కడనే వసించుచు, పాఠ్యపుస్తకములతోపాటు సేద్యము, వడ్రంగము, కుండలు చేయుట, కుట్టుపని, మూలికావైద్యము నేర్చుకొనిరి.

మేము పోయిన యుదయమున నొక బాలిక కూరమడినుండి లేచివచ్చి, చేతులు కడిగికొని, లెక్కల పుస్తకము తెరచినది. అంతే. ఆ చెంబెడు నీళ్లు మా యరుగుపై నేల లేకపోయెనని మేము తల వంచుకొంటిమి.

ఆ సంఘముల స్త్రీలే 2008 నుండి మాచునూరున సంఘం రేడియో నడపసాగిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమము వారికి ఈక్వేటర్ బహుమానము నొసగెను. సంస్థాస్థాపకులలో నొకరగు పి.వి. సతీశ్ గారు 2023లో కీర్తిశేషులైరి.

మేము తిరిగివచ్చి, ఆ పిల్లను పిలిపించి, తెలిసిన విత్తనముల పేర్లు చెప్పుమంటిమి. పదునొకండు చెప్పినది. మేమెరిగినవి ఆరు. అరుగుపై నీళ్లచెంబు నుంచి, ఆ పేర్లన్నియు నామె చేతనే వ్రాయించితిమి. తల్లి బడి మానిపింపలేదు.

సోదరీమణులారా, మీ యరుగుపైనను ఒక చెంబెడు నీళ్లుంచుడు.