అనంతగిరి దారిలో టకటక

మార్గశిరమున మేము విశాఖపట్టణమునుండి అరకులోయకు కారులో బయలుదేరితిమి. శృంగవరపుకోట దాటగానే కొండదారి మొదలగును. పైకిఁ బోయినకొలఁది కాఫీతోటలు, వానికి నీడనిచ్చు సిల్వరోకు చెట్లు, వానిపైఁ బ్రాఁకిన మిరియపుతీఁగెలు! సోదరీమణులు తప్పక చూడవలసిన దారి.

టైడా సమీపించుచుండఁగా ఇంజనులో టకటకమని చప్పుడు వినవచ్చెను. ప్రొద్దుగ్రుంకునని మావా రాపలేదు. అత్తగారు, “కుట్టుమిషనులో నూనె యెండిన నిట్లే కొట్టుకొనునమ్మా!” అనిరి.

సమతలమున నిలిపితిమి. బండి నిలిచినను చప్పుడు మానలేదు. ఆక్సిలరేటరు త్రొక్కినకొలఁది హెచ్చెను. కావున దోషము చక్రములది కాదు, ఇంజనుదే. ఇంజను నాపి, కొంతసేపు తాళి, నూనెకడ్డీని తుడిచి మరల ముంచి చూడఁగా నూనె క్రిందిగీటునైన నంటలేదు. ఎఱ్ఱదీపము వెలుఁగలేదే యని మావారి వాదము. ఆ దీపము నూనె యొత్తిడి పడిపోయినపుడు వెలుఁగునుగాని, మట్టము తగ్గినంతనే వెలుఁగదు. అట్లే యెక్కియుండినచో ఇంజను బిగుసుకొనిపోయి యుండవచ్చును.

మోటారుసైకిలుపై వచ్చిన యొక యువకుఁడు దయతో కోటకుఁ బోయి నూనె తెచ్చియిచ్చెను. రెండుగంటలు గడచెను, పులిహోర యంతయు నచ్చటనే ముగిసెను. నూనె పోసిన కొంతసేపటికి టకటక యణఁగెను. బొఱ్ఱాగుహలు చూచుట కానాఁడు వేళ చాలలేదు.

తిరుగుప్రయాణమున ముందరి యాసనము అత్తగారిదే.