నాన్నగారి నడక

కంప్యూటరులో బొమ్మల సినిమా అంటే మీట నొక్కగానే తయారవుతుందని మావాళ్ళ నమ్మకం. ఒక్కణ్ణే కూర్చుని మూడు నిమిషాల చిత్రం తీస్తున్నాను, నా గోడు వినండి.

సెకనుకు 24 చొప్పున 4320 బొమ్మలు కావాలి. వెలుగునీడలు లెక్కగట్టి ఒక్కో బొమ్మ పూర్తిచెయ్యటానికి నా యంత్రానికి 5 నిమిషాలు. అంటే రాత్రింబవళ్ళు 15 రోజులు! అది దాని శ్రమ, నాది వేరు.

పాదం ఎత్తిన భంగిమా, మోపిన భంగిమా నేనిస్తే, నడిమివన్నీ బ్లెండర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ పూరిస్తుంది. కాని గడియారపు లోలకంలా నున్నగా పూరిస్తుంది. కీర్తిశేషులు మా నాన్నగారి నడక అలా ఉండేది కాదు. ఎడమకాలు మోపబోతూ క్షణం తటపటాయించేవారు. అది యంత్రానికేం తెలుసు? పావుసెకను, అంటే 6 బొమ్మలపాటు, ఆ పాదాన్ని గాలిలో నేనే నిలిపాను.

అమ్మకు చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని, "మోకాలినొప్పి ఇంకా తగ్గలేదన్నమాట!" అంది.